పి1 ఎల్1: రెండో బిడ్డ కోసం ప్రభుత్వ దవాఖానలో పద్నాలుగు నెలలు

ప్రభుత్వ దవాఖానలో నా కేస్ షీట్ పైభాగాన ఎర్ర సిరాతో పి1 ఎల్1 అని రాసి ఉంటుంది. ఒక కాన్పు అయింది, ఆ బిడ్డ బతికి ఉంది అని దానికి అర్థం. వైద్యులకు అది ఒక సమాచారం మాత్రమే. కానీ ఓపీ చీటీ రాసే కిటికీ నుంచి స్కానింగ్ గది తలుపు దాకా ఆ గుర్తును చదివిన వాళ్ళలో చాలామంది తలెత్తి నన్ను ఒకే మాట అడిగారు: "ఒక పాప ఉంది గదమ్మా, మళ్ళెందుకొచ్చినవ్?" సంతానం కోసం ప్రభుత్వ వైద్యసేవను పద్నాలుగు నెలలు వాడుకున్నాను. అందులో నాకు మేలు చేసినదేమిటో, నన్ను అలసటకు గురిచేసినదేమిటో, నాలాగే రెండో బిడ్డ కోసం ఎదురుచూస్తున్న దంపతులకు పనికివస్తుందని రాస్తున్నాను.

మాది కల్వకుర్తి దగ్గరి పల్లె. పాలమూరు ఒక వైపు, నాగర్‌కర్నూల్ ఒక వైపు, శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే హైదరాబాద్ ఒక వైపు, మూడు వైపులా పెద్ద దవాఖానలు ఉన్నాయి. పరీక్షల కోసం మేము దగ్గరలోని ఒక పెద్ద దవాఖానకు, చికిత్స కోసం హైదరాబాద్‌లోని మరొక ప్రభుత్వ దవాఖానకు వెళ్ళాము. వాటి పేర్లు రాయను. నా చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పినవాళ్ళూ, మాటతో మనసు నొప్పించినవాళ్ళూ ఒకే కప్పు కింద పనిచేస్తున్నారు. ఒకరి తప్పును అందరి నెత్తిన రుద్దడం నాకు ఇష్టం లేదు.

మా పాప 2018లో సిజేరియన్ కాన్పుతో పుట్టింది. పెళ్ళైన మూడో నెలలోనే నెల తప్పాను కాబట్టి, రెండో బిడ్డకు ఇబ్బంది ఉంటుందన్న ఆలోచన మాకు కలలో కూడా రాలేదు. 2022 నుంచి ప్రయత్నించాము. ఏడాది గడిచింది, రెండో ఏడాదీ గడిచింది. దీన్ని ద్వితీయ సంతానలేమి అంటారని, ఒక బిడ్డ పుట్టిన తరువాత మళ్ళీ గర్భం నిలవకపోవడం కూడా వైద్యశాస్త్రంలో జబ్బుగానే లెక్క అని నాకు తెలిసేసరికి నాకు 33 ఏళ్ళు నిండాయి. ఏ జాగ్రత్తా తీసుకోకుండా ఒక సంవత్సరం కలిసి ఉన్నా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్ళాలి, భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. ఈ ఒక్క వాక్యాన్ని మా ఊరి ఆశా కార్యకర్త చేత ఇంటింటికీ చెప్పిస్తే ఎన్నో కుటుంబాలకు రెండు మూడేళ్ళు మిగులుతాయి. ప్రపంచవ్యాప్తంగా దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని అనుభవిస్తారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. మా ఊళ్ళో ఆ మాట పైకి చెప్పుకునేవాళ్ళే లేరు కాబట్టి నేనొక్కదాన్నే అనుకున్నాను.

ముందుగా మెచ్చుకోవలసిన దానిని మెచ్చుకోవాలి. మొదటి రోజు మమ్మల్ని చూసిన డాక్టరు మేడం మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, పాప పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం అడిగి, కోత ఎందుకు చేశారో చదివి, పాత కుట్టు ఎలా మానిందో లోపలి స్కాన్‌లో స్వయంగా చూశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత, అంటే 2019-21 నాటి లెక్కల ప్రకారం, తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ఆ లెక్కల్లో దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. కాబట్టి మా వైపు నుంచి రెండో బిడ్డ కోసం వచ్చే ఆడవాళ్ళలో చాలామంది పొట్ట మీద ఆ గాటుతోనే వస్తారు. గర్భసంచి మీది కుట్టు సరిగా మానకపోయినా, లోపల పొరలు అతుక్కుపోయినా, కాన్పు తరువాత వచ్చిన ఇన్ఫెక్షన్ వల్ల నాళాలు మూసుకుపోయినా రెండో గర్భం నిలవకపోవచ్చు. బయట ఇంతకుముందు నేను చూపించుకున్న ఇద్దరు డాక్టర్లు ఆ పాత కాగితం అడగనే లేదు. ఓపీలో ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు కూడా దొరకని చోట ఆ మేడం నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. ఆ ఇరవై నిమిషాల విలువ నేను మరిచిపోను.

థైరాయిడ్, చక్కెర, రక్తహీనత పరీక్షలకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. తెలంగాణ డయాగ్నోస్టిక్స్ ద్వారా నమూనా తీసుకున్నారు, ఫలితం ఫోనుకే వచ్చింది. నాకు థైరాయిడ్ కొద్దిగా తక్కువగా పనిచేస్తోందని అక్కడే తేలింది. పొద్దున పరగడుపున వేసుకునే చిన్న మాత్ర, దానితో పాటు గర్భానికి ముందు నుంచే వాడవలసిన ఫోలిక్ ఆమ్లం మాత్ర, రెండూ దవాఖాన ఫార్మసీలోనే ఇచ్చారు. అండాశయాల్లో అండాల నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ పరీక్ష మాత్రం అక్కడ లేదన్నారు. బయట చేయిస్తే 1,800 రూపాయలు అయింది.

ఇక మా ఆయన సంగతి. రెండో బిడ్డ విషయంలో భర్తను పరీక్షకు ఒప్పించడం మొదటి బిడ్డ విషయంలో కంటే కష్టమని నేను అనుభవంతో చెబుతున్నాను. "మొదటి పిల్ల నాకే గద పుట్టింది, ఇప్పుడు నాకెందుకు పరీక్ష?" అన్నాడు ఆయన. ఆ మాటలో ఆయనకు తప్పు కనిపించలేదు, మా అత్తమ్మకూ కనిపించలేదు, కొంతకాలం నాకూ కనిపించలేదు. కానీ ఏడేళ్ళ కిందటి శరీరం ఇప్పుడు ఉండదు. పాప పుట్టినప్పుడు ఆయన ఎలక్ట్రికల్ షాపులో కూర్చునేవాడు. ఆ తరువాత వరికోత యంత్రం నడపడం మొదలుపెట్టాడు. సీజన్‌లో రోజుకు పన్నెండు గంటలు వేడి ఇంజను పక్కన కూర్చోవాలి, నిద్ర రాకుండా జర్దా నమలాలి. వృషణాలకు ఎక్కువసేపు వేడి తగిలితే వీర్యకణాల తయారీ తగ్గుతుందని, పొగాకు వాటి నాణ్యతను దెబ్బతీస్తుందని డాక్టరు మేడం ఆయనకు కసురుకోకుండా, తమ్ముడికి చెప్పినట్టు చెప్పారు. వీర్యకణం తయారు కావడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, ఈ రోజు మానేసిన జర్దా ఫలితం మూడు నెలల తరువాత పరీక్షలో కనిపిస్తుందని ఆమె వివరించాక ఆయన మొదటిసారి తలూపాడు.

ఆ పరీక్షకు ఏర్పాటు మాత్రం బాగాలేదు. వీర్య నమూనా ఇవ్వడానికి వేరే గది లేదు. ఒక చిన్న డబ్బా చేతికిచ్చి, వరండా చివర రోగులందరూ వాడే మరుగుదొడ్డి చూపించారు. బయట తలుపు కొట్టేవాళ్ళు కొడుతూనే ఉన్నారు. మా ఆయన ఆ రోజు ఇవ్వలేకపోయాడు, దారిలో నాతో ఒక్క మాట మాట్లాడలేదు. రెండోసారి బయటి ల్యాబులో చేయించుకున్నాము. వీర్యకణాల సంఖ్య మిల్లీలీటరుకు 90 లక్షలు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 కొలమానం ప్రకారం కనీస హద్దు ఒక కోటి 60 లక్షలు. ఒక గది, ఒక గడియ, ఒక కుళాయి ఉంటే దవాఖానలోనే జరిగే పరీక్ష అది. సంతానలేమిలో మగవాడి వైపు లోపం కూడా తరచుగా ఉంటుందని ప్రతి డాక్టరూ చెబుతారు. అటువంటప్పుడు మగవాడికి కాస్త మరుగు కల్పించని సంతాన విభాగం సగం పనే చేస్తోందని నా అభిప్రాయం. మూడు నెలల తరువాత, జర్దా మానేసి, యంత్రం పని మధ్యమధ్యలో దిగి నడుస్తూ ఉన్నాక, ఆ సంఖ్య ఒక కోటి 40 లక్షలకు పెరిగింది. హద్దుకు ఇంకా కిందనే ఉంది, కానీ ఆ కాగితాన్ని ఆయన మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

నాకు అన్నిటికంటే కష్టమైంది రోజుల లెక్క. సంతాన వైద్యమంతా ఆడదాని నెలసరి రోజులను పట్టుకుని నడుస్తుంది. రెండో రోజు లేదా మూడో రోజు రక్తపరీక్ష, గర్భాశయ నాళాలు తెరుచుకుని ఉన్నాయా అని మందు ఎక్కించి తీసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే ఆరో రోజు నుంచి పదో రోజు లోపల, అండం పెరుగుదల చూసే ఫాలికల్ స్కాన్ తొమ్మిది పది రోజుల నుంచి రోజు విడిచి రోజు. ఒక్క రోజు దాటితే ఆ నెల పోయినట్టే, మళ్ళీ ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. దవాఖానకు మాత్రం వారాల లెక్కే ఉంది. హెచ్‌ఎస్‌జీ మంగళవారం, శుక్రవారం మాత్రమే తీస్తారు. మొదటి నెల నా ఎనిమిదో రోజు శుక్రవారం పడింది. ఆ రోజు ఎక్స్‌రే యంత్రం పనిచేయలేదు. రెండో నెల మంగళవారం పండుగ సెలవు వచ్చింది, శుక్రవారానికి నాకు పదకొండో రోజు అయింది. మూడో నెల తీశారు. ఒక పదిహేను నిమిషాల పరీక్షకు మూడు నెలలు. కుడి నాళం మూసుకుపోయింది, ఎడమది తెరుచుకుని ఉంది అని తేలింది. ఈ సంగతి మూడు నెలల ముందే తెలిసి ఉంటే నా వయసు మూడు నెలలు తక్కువగా ఉండేది, అంతే కదా అని ఎవరైనా అనవచ్చు. అండాల నిల్వ తగ్గుతోందని కాగితం మీద చూసుకున్న మనిషికి మూడు నెలలు తక్కువేమీ కాదు.

ఫాలికల్ స్కాన్ విషయంలోనూ ఇదే జరిగింది. నా పన్నెండో రోజు ఆదివారం. ఆదివారం అత్యవసర కేసులకు తప్ప స్కాన్ ఉండదు. సోమవారం వెళ్తే అండం అప్పటికే విడుదలైపోయిందని చెప్పారు. తప్పు అక్కడి సిస్టరుది కాదు, రేడియాలజిస్టుది కాదు. కాన్పు నొప్పులతో వచ్చేవాళ్ళకు ఆదివారం కూడా తలుపు తెరిచే దవాఖాన సంతాన విభాగాన్ని మాత్రం ఆఫీసు వేళలకు కట్టిపడేసింది. వారానికి ఏడు రోజులూ పొద్దున రెండు గంటలు ఒక స్కాన్ యంత్రాన్ని, ఒక డాక్టరును ఈ పనికి కేటాయిస్తే ఎన్ని నెలలు ఆదా అవుతాయో అక్కడి రిజిస్టరు తిరగేస్తే వాళ్ళకే తెలుస్తుంది.

ఐయూఐ కోసం మమ్మల్ని హైదరాబాద్ పంపారు. భర్త వీర్యాన్ని ల్యాబులో శుభ్రపరిచి, బలమైన కణాలను సన్నటి గొట్టంతో నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే చిన్న ప్రక్రియ అది. కోత ఉండదు, మత్తు ఉండదు, పది నిమిషాల్లో అయిపోతుంది. కానీ దానికి ముందు రెండు రాత్రుల కథ ఉంది. నెలసరి రెండో రోజు నుంచి ఆరో రోజు దాకా అండం పెరగడానికి లెట్రోజోల్ మాత్రలు వేసుకుని, అండం తగిన పరిమాణానికి పెరిగాక, దాన్ని విడిపించే హెచ్‌సీజీ ఇంజక్షన్ వేయించుకోవాలి. ఇంజక్షన్ వేసిన దాదాపు 36 గంటలకు ఐయూఐ చేస్తారు. పొద్దున పదింటికి చేయాలంటే అంతకు ముందు రెండో రాత్రి పదింటికి సూది పడాలి. మా పల్లెలో రాత్రి పదింటికి సూది వేసేది ఎవరు? మొదటిసారి మందును ఐసు ముక్కల డబ్బాలో పెట్టుకుని, కల్వకుర్తిలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, పక్కింటి నర్సమ్మను బతిమాలుకున్నాము. ఆ తల్లి మూడుసార్లూ డబ్బు తీసుకోలేదు. ఆ తరువాత ఐయూఐ రోజున తెల్లవారుజామున బయలుదేరి, తుక్కుగూడ మీదుగా వెళ్ళి, తొమ్మిదింటికల్లా మా ఆయన నమూనా ఇవ్వాలి. హైదరాబాద్ దవాఖానలో నమూనాకు గది ఉంది, చిన్నదే, శుభ్రంగా ఉంది. ఆ గదిని చూసి మా ఆయన ముఖం తేటపడింది.

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఈ చికిత్సకు అది ఎంత పెద్ద సాయమో ఆ పథకం పెట్టినవాళ్ళు కూడా ఊహించి ఉండరు. పద్నాలుగు నెలల్లో నేను దవాఖానకు 31 సార్లు వెళ్ళాను. ఆధార్ చూపించి సున్నా టికెట్ తీసుకునే వీలు లేకపోతే, అందులో సగం స్కాన్లు "ఈసారికి వద్దులే" అని వదిలేసి ఉండేదాన్ని.

మొదటి ఐయూఐ ఫలించలేదు. రెండోదీ ఫలించలేదు. మూడోసారి నాలుగు రోజులు ఆలస్యం అయింది, అయిదో రోజు నెలసరి వచ్చింది. ఒక్కో విడతలో పదిమందిలో ఒకరిద్దరికే గర్భం నిలుస్తుందని మొదటి రోజే మాకు స్పష్టంగా చెప్పారు కాబట్టి, మోసపోయామన్న బాధ మాకు కలగలేదు. ప్రైవేటులో మా చుట్టాలకు "ఖాయం" అన్న మాట చెప్పి డబ్బు కట్టించుకున్నవాళ్ళు ఉన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఈ ప్రభుత్వ డాక్టర్లలో నేను చూసిన గొప్ప గుణం.

ఇప్పుడు ఆ పి1 ఎల్1 సంగతికి వస్తాను, ఎందుకంటే ఈ సేవ మీద నాకున్న అసలు ఫిర్యాదు అదే. "పిల్లలు లేనోళ్ళే ఇంతమంది కూసున్నరు, నీకు ఒకరున్నరు గద" అని ఒక సిస్టరు నా చీటీని అడుగున పెట్టింది. ఆ వరుసలో పదేళ్ళుగా ఒక్క బిడ్డ కోసం ఎదురుచూస్తున్న అక్క కూర్చుని ఉంది. ఆమెను నాకంటే ముందు పిలిస్తే నేను సంతోషంగా పక్కకు జరుగుతాను. ముందు ఎవరిని చూడాలన్నది వేరు, అసలు చూడాలా వద్దా అన్నది వేరు. హెచ్‌ఎస్‌జీకి నా పేరు రాయకుండా రెండు వారాలు తిప్పించినప్పుడు జరిగింది ఆ రెండోది. రెండో బిడ్డకు పరీక్షలు చేయకూడదని ఎక్కడా రాసి లేదు. చట్టం ఏం చెబుతోందో నేను ఓపికగా చదివాను. సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం 2021 దంపతులకు వయసు హద్దు పెట్టింది: భార్యకు 21 నుంచి 50, భర్తకు 21 నుంచి 55. ఇదివరకే బిడ్డ ఉంటే ఐయూఐ గానీ, అండాన్నీ వీర్యకణాన్నీ ల్యాబులో కలిపి పిండాన్ని గర్భసంచిలో పెట్టే ఐవీఎఫ్ గానీ చేయరాదని అందులో లేదు. అటువంటి నిబంధన ఉన్నది సరోగసీ చట్టంలో. అద్దె గర్భం ద్వారా బిడ్డను పొందాలనుకునే దంపతులకు బతికి ఉన్న బిడ్డ ఉండకూడదని, తీవ్రమైన వైకల్యమో ప్రాణాంతకమైన జబ్బో ఉన్న బిడ్డ విషయంలో మాత్రమే మినహాయింపు ఉంటుందని ఆ చట్టం చెబుతుంది. అదే ఏడాది వచ్చిన ఈ రెండు చట్టాలనూ ఒకటిగా కలిపి చెప్పేవాళ్ళు దవాఖానల్లోనే ఉన్నారు. "రూల్ ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే, ఏ రూలు అని మర్యాదగా అడగండి.

నా పిన్ని కూతురు ఇంగ్లండులో నర్సు. ఆమెకూ ఒక బాబు ఉన్నాడు, రెండో బిడ్డ నిలవడం లేదు. అక్కడ 40 ఏళ్ళ లోపు స్త్రీలకు మూడు పూర్తి ఐవీఎఫ్ విడతలు ప్రభుత్వ ఖర్చుతో ఇవ్వాలని, ఏ చికిత్స ఎవరికి ఇవ్వాలో అక్కడి ప్రభుత్వ వైద్యానికి సూచించే నైస్ సంస్థ మార్గదర్శకాలు 2013లోనే సిఫారసు చేశాయి. కానీ డబ్బు మంజూరు చేసేది స్థానిక ఆరోగ్య బోర్డులు. దంపతుల్లో ఎవరికి అప్పటికే బిడ్డ ఉన్నా ఆ బోర్డుల్లో చాలావాటిలో సాయం దొరకదు. ఆమెకు ఒక ఉత్తరం వచ్చింది, అందులో కారణం రాసి ఉంది, అంతటితో అయిపోయింది. ఆమె ఫోనులో ఏడ్చినప్పుడు మా పద్ధతే నయమేమో అనిపించింది, ఎందుకంటే ఇక్కడ ఏ కాగితమూ నన్ను ఆపలేదు. ఆ తరువాత ఆలోచిస్తే, అక్కడ ఒక నిబంధన ఒక్కసారి చెప్పిన "కాదు"ను ఇక్కడ కిటికీ కిటికీకి ఒక మనిషి చెబుతున్నారని తోచింది. నిబంధన అయితే దాని మీద అప్పీలు చేసుకోవచ్చు. మాటకు అప్పీలు ఎక్కడ?

ఇంకొక ప్రశ్న కూడా నన్ను వెంటాడింది. పాప ఉంది అనగానే "మగపిల్లగాని కోసమా?" అంటారు. ఆయమ్మ అడిగింది, స్కాన్ గదిలో సహాయకురాలు అడిగింది, వరుసలో ముందున్న పెద్దామె కూడా అడిగింది. గర్భంలోని బిడ్డ లింగాన్ని చెప్పడం 1994 నాటి చట్టం కింద నేరమని ఆ గది తలుపు మీదే బోర్డు ఉంది. ఐవీఎఫ్‌లోనూ లింగ ఎంపికకు చట్టం ఒప్పుకోదు. మా పాపకు ఒక తోడు కావాలని, మేము పోయిన తరువాత పండుగకు ఆ పిల్లకు పుట్టింటి గడప ఒకటి ఉండాలని మేము కోరుకున్నాము. ఆడపిల్లే పుట్టినా మాకు ఆనందమేనని నేను ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. వైద్యం కోసం వచ్చిన మనిషి ఈ సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం లేదని సిబ్బందికి ఎవరైనా అధికారికంగా చెప్పాలి. ఆ వరండా గోడ మీద "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అని పెద్ద అక్షరాలతో ఉంది. కుటుంబ నియంత్రణ, సంతాన సాఫల్యం రెండూ ఒకే గదిలో, ఒకే సిస్టరు చేతిలో ఉన్నాయి. పొద్దుటి నుంచి కాపర్-టీలు వేయించే మనిషి మధ్యాహ్నం రెండో బిడ్డ కావాలని వచ్చినదాన్ని వింతగా చూడటం సహజమే. అందుకే ఈ రెండు సేవలకు వేర్వేరు గదులు, వేర్వేరు రోజులు ఉండాలి.

ఖర్చు విషయానికి వస్తే, పద్నాలుగు నెలల్లో మా చేతి నుంచి పోయినది దాదాపు 19,000 రూపాయలు. ఏఎంహెచ్, బయటి ల్యాబులో రెండు వీర్య పరీక్షలు, దవాఖానలో నిల్వ లేనప్పుడు బయట కొన్న ఇంజక్షన్లు, మా ఆయన బస్సు ఛార్జీలు, తిండి అందులోకే వస్తాయి. కోతల కాలంలో ఆయన పోగొట్టుకున్న కూలి ఇందులో లేదు. ప్రైవేటులో మాకు ఒక ఐవీఎఫ్ విడతకు రెండు లక్షల పైమాట చెప్పారు, మందులు వేరే. ఆయుష్మాన్ భారత్ పథకం సంతాన చికిత్సను తన పరిధి నుంచి మినహాయించింది కాబట్టి ఆ కార్డు ఇక్కడ ఆదుకోదు. రెండెకరాల చెలక ఉన్న కుటుంబానికి ప్రభుత్వ దవాఖాన తప్ప వేరే దారి లేదు.

అందుకే ప్రభుత్వ ఐవీఎఫ్ అన్న మాట మాకు అంత ముఖ్యం. మన దేశంలో శాస్త్రీయంగా నమోదైన తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు 1986 ఆగస్టు 6న ముంబయి కేఈఎం ఆసుపత్రిలో పుట్టింది. అది నగరపాలక సంస్థ నడిపే దవాఖాన, అంటే పేదలు వెళ్ళే దవాఖాన. తెలంగాణలో ప్రభుత్వ రంగంలో తొలి ఐవీఎఫ్ కేంద్రం సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ప్రారంభమైంది. మధ్యలో 37 ఏళ్ళు గడిచాయి. ఆలస్యమైనా వచ్చింది కాబట్టి సంతోషమే, కానీ పాలమూరు, నల్లగొండ వైపు నుంచి స్కాన్‌కు వచ్చి మర్నాడు మళ్ళీ రావలసిన ఆడవాళ్ళకు హైదరాబాద్ దూరమే. ఐవీఎఫ్‌లో పది పన్నెండు రోజులు వరుసగా ఇంజక్షన్లు, మధ్యలో మూడు నాలుగు స్కాన్లు ఉంటాయి. ఆ స్కాన్లు, ఇంజక్షన్లు జిల్లా దవాఖానలోనే చేసి, అండాలు తీయడానికి, పిండం ప్రవేశపెట్టడానికి మాత్రమే నగరానికి పిలిస్తే సగం భారం తగ్గుతుంది. ఇది నేను ఆ డాక్టరు మేడంతో అన్నాను. ఆమె కాగితం మీద రాసుకున్నారు.

వెళ్ళాలా వద్దా అని నన్ను అడిగితే, వెళ్ళండి అనే చెబుతాను. ముఖ్యంగా పరీక్షల దశకు, ఐయూఐ దశకు ప్రభుత్వ దవాఖానను మించిన చోటు మా బోటివాళ్ళకు లేదు. మొదటి కాన్పు డిశ్చార్జి కాగితం తప్పకుండా తీసుకువెళ్ళండి. భర్తను మొదటి రోజే వెంట తీసుకువెళ్ళండి, ఆయన పరీక్ష మీ పరీక్షల కంటే ముందే అయిపోవాలి. గడిచిన ఆరు నెలల నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకోండి, ఏ పరీక్ష వారంలో ఏ రోజుల్లో చేస్తారో తొలి రోజే అడిగి ఆ కాగితం పక్కనే రాసుకోండి. నేను ఈ పని ఆరో నెలలో చేశాను, మొదటి నెలలో చేసి ఉండవలసింది. ఆదివారం స్కాన్ పడే నెలలో శనివారమే రమ్మంటారా అని ముందే అడిగితే మూడుసార్లలో రెండుసార్లు ఒప్పుకున్నారు.

మూడో ఐయూఐ తరువాత మా ఫైలును ఐవీఎఫ్‌కు పంపారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్ ఉందేమో చూసే వీడీఆర్ఎల్ పరీక్షలు ఇద్దరికీ అయ్యాయి. ఆధార్ నకళ్ళు, పెళ్ళి ధృవపత్రం, ఇద్దరి సంతకాలతో సమ్మతి పత్రం ఇచ్చాము. ఆ కౌంటరులో కూర్చున్న అమ్మాయి ఫైలు మీద పి1 ఎల్1 చదివి, తలెత్తి, "పాప పేరేంటి అక్కా?" అని అడిగింది. పద్నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. నెలసరి రెండో రోజున రమ్మని తేదీల పుస్తకంలో నా పేరు రాసింది. క్యాలెండరులో చూస్తే వచ్చే నెల అది బుధవారం పడేలా ఉంది. బుధవారం అక్కడ ఓపీ ఉంది. మా ఆయన ఆ రోజుకు యంత్రం నడపడానికి వేరే మనిషిని ఇప్పుడే మాట్లాడిపెట్టాడు.